వ్యాపారికి రెండో ఖాతా దండగ

గుంటూరు మిర్చి యార్డులో రైతుల సరుకు అమ్మిపెట్టే దిగుమతి దుకాణం పెట్టినవారికి, పర్చూరులో పురుగుమందుల షాపు తెరిచినవారికి, సత్తెనపల్లి రోడ్డు మీద కాటా వేసుకుని పత్తి కొనేవారికి సీజను ముందు ఒకటే సందేహం. షాపుకని బ్యాంకులో వేరే ఖాతా తెరవాలా, ఇంటికి వాడుకునే ఖాతాతోనే లాగించవచ్చా? లాగించండి. చట్టం మీ పక్షానే ఉంది. కంపెనీ పెడితే కంపెనీ వేరు, మీరు వేరు. ప్రొప్రైటరుకు ఆ బాధ లేదు. బోర్డు మీద ఏ దేవుడి పేరు పెట్టి పక్కన ట్రేడర్స్ అని రాయించినా, చట్టం కంటికి ఆ ట్రేడర్స్ అంటే మీరే. పాన్ ఒకటే, అప్పు ఒకటే, ఆస్తి ఒకటే. వేరే ఖాతా ఉండి తీరాలని ప్రొప్రైటరును ఏ చట్టమూ బలవంతపెట్టదు. బ్రిటన్‌లో ఒంటరిగా వ్యాపారం చేసుకునేవాళ్ళకూ ఇదే వెసులుబాటు ఉంది.

ఇంతవరకు ఆడిటర్లూ ఒప్పుకుంటారు. ఆ తరవాతే చెడగొడతారు. "చట్టం అడక్కపోయినా వేరుగా ఉంచుకుంటే మీకే మంచిదండీ" అంటారు. వినకండి. మనకు కావలసింది రెండే: పని తగ్గాలి, అడగవచ్చినవాడికి జవాబు దొరక్కూడదు. రెండు ఖాతాలు పెట్టుకున్నవాడికి ఏ నెల ఎంత మిగిలిందో, ఎంత పోయిందో తెలిసిపోతుంది. తెలిసినవాడికి నిద్ర పట్టదు. ఒకే ఖాతా పద్ధతి పట్టుకున్నవాడు రెండు మూడు సీజన్లలో వ్యాపారం నుంచి పూర్తి విశ్రాంతి పొందుతాడు. ఆ మెట్లు వరసగా చెబుతాను. ఒక్కటి కూడా దాటవేయకండి.

1. ఉన్న సేవింగ్స్ ఖాతానే వ్యాపారంలోకి దించండి.

కాలేజీ రోజుల్లో స్కాలర్‌షిప్పు కోసం తెరిచినదైనా, గ్యాసు సబ్సిడీ పడేదైనా ఫరవాలేదు. కరెంటు ఖాతాలో బ్యాంకు పైసా వడ్డీ ఇవ్వదు, సేవింగ్స్‌లో ఇస్తుంది. రైతుల డబ్బు మీ ఖాతాలో నాలుగు రాత్రులు నిద్ర చేస్తే ఆ వడ్డీ మీదే. పైగా షాపు పేరున కరెంటు ఖాతా తెరవాలంటే జీఎస్టీ సర్టిఫికెట్టో, ఉద్యమ్ రిజిస్ట్రేషనో, దుకాణం లైసెన్సో, వ్యాపారం ఉందని చూపే కాగితాలు రెండు పట్టుకెళ్ళాలి. అంటే జెరాక్సు షాపు దాకా నడవాలి. వద్దు.

సేవింగ్స్ ఖాతాను వ్యాపారానికి వాడకూడదని ఖాతా ఫారంలోనే ఉంటుంది. మీరు సంతకం పెట్టారు, చదవలేదు. చదవనిది మనకు వర్తించదని ధైర్యంగా ఉండండి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం వ్యాపార సంస్థ పేరున సేవింగ్స్ ఖాతా తెరవరు. కనక ఇండోరు నుంచో ఢిల్లీ నుంచో షాపు పేరు మీద చెక్కు వస్తే అది మీ ఖాతాలో పడదు. కంగారు వద్దు. గల్లాపెట్టె అడుగున దేవుడి పటం కింద పెట్టండి. చెక్కుకు ఆయుష్షు మూడు నెలలు. ఆ మూడు నెలలూ "నాకు రావలసింది ఉంది" అన్న ధీమా మీకు ఉంటుంది.

2. గల్లా మీద మీ సొంత ఫోను క్యూఆర్ అట్ట అంటించండి.

మందు డబ్బా కొన్న రైతు డబ్బు, తమ్ముడి పెళ్ళి చదివింపులు, పాత బండి అమ్మిన సొమ్ము, పాడుకున్న చీటీ, బావమరిది ఇచ్చిన చేబదులు, అన్నీ ఒకే మోతతో ఒకే చోట పడాలి. పంపేవాళ్ళను ఎందుకు పంపుతున్నారో రాయమని ఇబ్బంది పెట్టకండి.

2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న దుకాణాలవాళ్ళ యూపీఐ రాబడి కూడి చూసి, జీఎస్టీ పరిమితి దాటారని నోటీసులు ఇచ్చింది. బెంగళూరులో బేకరీలవాళ్ళు, టీ కొట్లవాళ్ళు గగ్గోలు పెట్టారు. అందులో చుట్టాలు పంపింది ఉంది, అప్పు తెచ్చింది ఉంది, అంతా అమ్మకం కాదు అన్నారు. ఏది ఏదో విడదీసి చూపడానికి కూర్చుంటే ఎంత పని! చాలామంది "యూపీఐ లేదు, నగదు మాత్రమే" అని బోర్డులు కట్టారు. మీరు ఆ బోర్డు ఇప్పుడే రాయించి అటక మీద పెట్టుకోండి. సరుకుల అమ్మకానికి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషను పరిమితి ఏడాదికి 40 లక్షలు. మీ అసలు అమ్మకం పాతిక లక్షలే అయినా, చదివింపులూ చీటీలూ కలుపుకుంటే ఈ పద్ధతిలో 40 సులువుగా దాటి కనిపిస్తారు. కష్టపడకుండా పెద్ద వ్యాపారి కావడానికి ఇంతకు మించిన దారి లేదు.

3. చిట్టా, ఆవర్జా మానేయండి.

మన తాతల నాటి షావుకారు ఏ రోజు పద్దు ఆ రోజే చిట్టాలో ఎక్కించేవాడు. గల్లాలో ఉన్న చిల్లర చిట్టా నిలవతో సరిపోయేదాకా అన్నానికి లేచేవాడు కాదు. అణా తేడా వస్తే అర్ధరాత్రి దాకా వెతికేవాడు. తరవాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతా వారికి దించేవాడు. ఇంట్లోకి తీసుకున్న బియ్యం బస్తా కూడా సొంతవాడకం కింద తన పేరున ఖర్చు రాసుకునేవాడు. తన షాపులో తానే బాకీదారు! అంత చాదస్తం మనకెందుకు? బ్యాంకు యాప్‌లూ క్యూఆర్ అట్టలూ లేని కాలంలో ఇంటినీ అంగడినీ విడిగా ఉంచినవాళ్ళు అంతకన్నా ఏం చేస్తారు పాపం.

ఉగాదికో దీపావళికో కొత్త పుస్తకం కొనండి. నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మొదటి పేజీలో శ్రీ అని రాయండి. మిగతా పేజీలు తెల్లగా ఉంచండి. రోజువారీ లెక్కకు కోల్డ్ స్టోరేజీవాళ్ళిచ్చిన క్యాలెండరు చాలు. అమావాస్య గడి పక్కన "సుబ్బన్న 40" అని రాయండి. నలభై వేలా, నలభై టిక్కీలా, ఇచ్చామా, పుచ్చుకున్నామా అన్నది అప్పటికి గుర్తుంటుంది.

4. సాయంత్రానికి బ్యాలెన్సు ఎంత ఉందో అదే లాభం.

పద్ధతి మొత్తానికి ఇది ప్రాణం. ఒక ఉదాహరణ పట్టుకోండి. పొద్దున మీ ఖాతాలో 18,000 ఉంది. ప్రత్తిపాడు రైతు తెచ్చిన యాభై మిర్చి టిక్కీలు మీ దుకాణం ముందు దిగాయి. టిక్కీ నలభై కిలోల లెక్కన ఇరవై క్వింటాళ్ళు. క్వింటా 12,000కి పాట నిలిచింది. ఎగుమతి వ్యాపారి 2,40,000 మీ ఖాతాకు కొట్టాడు. ఇప్పుడు ఫోను 2,58,000 చూపిస్తుంది.

లెక్కలు తెలిసినవాడు ఇక్కడ పొరపాటు చేస్తాడు. ఇందులో రైతుది ఇంత, హమాలీది ఇంత, నాకు మిగిలే కమీషను కొద్ది వేలు అని కూర్చుని బెంగ పెట్టుకుంటాడు. మీరు ఫోను తెర మాత్రమే చూడండి. ఈ పూట మీరు 2,40,000 సంపాదించారు. ఇంటికి ఫోను చేసి చెప్పండి. వడ్లపూడి చుట్టాలకు కూడా చెప్పండి. అమ్మాయి నిశ్చితార్థానికి హాలు మాట్లాడటానికి ఇదే ముహూర్తం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు పోటెత్తి ఉంటుంది కనక రోజూ ఇంతకన్నా పెద్ద అంకె కనిపిస్తుంది. ఇంటి పైఅంతస్తు స్లాబు, కారు మొదటి వాయిదా, పిల్లవాడి ఇంజనీరింగు సీటు, అన్నీ ఆ మూడు నెలల్లోనే ముగించండి. మే నెలలో యార్డుకు సెలవులు. అప్పుడు బ్యాలెన్సు పడిపోతే అది సెలవుల తప్పు, మీది కాదు.

5. రైతు డబ్బును ఆపడం నేర్చుకోండి.

కమీషను దుకాణంలో తిరిగే డబ్బులో చాలా భాగం మీది కాదు, అమ్మినవాడిది. వేరే ఖాతా ఉంటే ఈ సంగతి రోజూ కళ్ళకు కొడుతుంది. ఒకే ఖాతాలో అయితే కలిసిపోతుంది. పాలల్లో నీళ్ళు కలిశాక ఎవడు విడదీస్తాడు? తక్‌పట్టీ మీద రైతుకు ఎంత రావాలో రాసి ఇస్తారు కదా, ఇవ్వండి. కాగితం ఇచ్చాక సగం బాకీ తీరినట్టే. మిగతా సగానికి "ఎక్కడికి పోతుంది బాబాయ్, నా దగ్గరే ఉంటుంది, వడ్డీ వేస్తాలే" అనండి. ఖరీఫులో విత్తనానికీ మందులకూ మీ దగ్గరే పెట్టుబడి తెచ్చుకున్నవాడు గట్టిగా అడగలేడు. వచ్చే ఏడూ అవసరం ఉంటుందని వాడికి తెలుసు. ఆ మొహమాటమే మీ మూలధనం.

అలా పోగయిన డబ్బుతో తేజ రకం మిర్చి కొని మీ పేరున కోల్డ్ స్టోరేజీలో పెట్టండి. ధర పెరుగుతుంది. ఇరవై వేలు దాటి పలికిన రోజులు యార్డు చూసింది కదా. అదే మిర్చికి 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటా 11,781 రూపాయలని ప్రకటించవలసి వచ్చింది నిజమే. అయితే ఏం? ధర పెరిగితే లాభం మీది. తగ్గితే రైతుకు చెల్లింపు ఆలస్యమవుతుంది, అంతే. ఎవరి డబ్బుతో కొన్నారో ఖాతా చూపించదు. చూపిస్తే మనసు ఒప్పుకోదు. అందుకే చూపించని ఖాతా పెట్టుకున్నాం.

నగదు అడిగే రైతును నిరాశ పరచకండి. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒకే రోజున ఒకే మనిషి దగ్గర రెండు లక్షలూ ఆపైన నగదు పుచ్చుకుంటే, పుచ్చుకున్నంతా జరిమానా వేయవచ్చు. జరిమానా పుచ్చుకున్నవాడికి, ఇచ్చినవాడికి కాదు. మీకేం భయం లేదు. ఎగుమతివాళ్ళు మీకు నగదు ఇచ్చేటప్పుడు మాత్రం ఈ వాక్యం మరిచిపోండి.

6. సాకులు నాలుగు నోటికి తెచ్చుకోండి.

వరసగా వాడాలి, కలపకూడదు. మొదటి వారం "సర్వరు డౌను." రెండో వారం "ఎగుమతివాళ్ళు ఇంకా వెయ్యలేదు." మూడో వారం "మార్చి క్లోజింగ్, ఆడిటరు పట్టుకున్నాడు." నాలుగో వారం ఇంట్లో ఎవరికో బాగోలేదు, గుంటూరులో ఆసుపత్రులకు కొదవ లేదు, ఏదో ఒకటి చెప్పండి.

అదృష్టం కలిసొస్తే అయిదో సాకు దానంతట అదే వస్తుంది. ఎక్కడో ఎవడో ఆన్‌లైన్‌లో మోసపోయి 1930 హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేస్తాడు. ఆ డబ్బు నాలుగు చేతులు మారి, మీ దగ్గర మందు కొన్నవాడి ద్వారా మీ క్యూఆర్‌లో పడి ఉంటుంది. పక్క రాష్ట్రం పోలీసుల మాట మీద బ్యాంకు మీ ఖాతాను బిగిస్తుంది. ఖాతా ఒక్కటే కనక షాపు డబ్బు, రైతుల డబ్బు, అబ్బాయి ఫీజు, అమ్మ మందుల డబ్బు అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఇక రోజూ కొత్త అబద్ధం అల్లుకోనక్కర్లేదు. బ్యాంకు పంపిన మెసేజీ చూపిస్తే చాలు.

7. ఇంటిల్లిపాది ఖాతాలనూ వాడండి.

సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి మొత్తం పది లక్షలు, ఆపైన నగదు జమ అయితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తుంది. కరెంటు ఖాతాకైతే ఆ గీత యాభై లక్షలు. వ్యాపారికి కరెంటు ఖాతానే నయమని ఆడిటర్లు ఈ అంకె చూపించి ఊరిస్తారు. లొంగకండి. మీ ఆవిడ డ్వాక్రా ఖాతా ఉంది, అమ్మ పింఛను ఖాతా ఉంది, హైదరాబాదులో చదివే అబ్బాయి ఖాతా ఉంది. అందరిలోనూ తలా కాస్త వేయండి. నోటీసు వచ్చిననాడు ఇంట్లో అందరికీ వస్తుంది. అమ్మగారు తన పింఛను మీద ఇన్ని లక్షలు ఎలా దాచారో అధికారికి ఆవిడే చెప్పుకుంటారు.

ఇంట్లో తెల్లకార్డు ఉంటే జాగ్రత్తగా దాచండి. పీఎం కిసాన్ ఆరు వేలు కూడా వదలకండి. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు అది రాదని నియమం ఉంది. కడితే కదా.

8. పత్తివాళ్ళకు ప్రత్యేకం: పక్కవాడి పాస్‌పుస్తకం.

భారత పత్తి సంస్థ రైతు దగ్గరే కొంటుంది. 2025-26కు పొడుగు పింజ మద్దతు ధర క్వింటా 8,110. డబ్బు రైతు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో పడుతుంది. మీరు ఊళ్ళో తక్కువకు కొన్న పత్తిని మీ పేరున తీసుకోరు. దీనికోసం ఖాతా తెరవాలా? వద్దు. ఇరుగు పొరుగు పట్టాదారు పాస్‌పుస్తకాలు అడిగి తీసుకోండి. సరుకు మీది, పేరు వాళ్ళది. డబ్బు పడగానే తీసి ఇస్తారు. కాగితం రాయించకండి, నమ్మకం చెడుతుంది.

ఒక్కోసారి డబ్బు పడగానే బ్యాంకు దాన్ని ఆ రైతు పాత పంట రుణం బాకీ కింద జమ కట్టేసుకుంటుంది. అప్పుడు మీ పత్తితో పొరుగువాడి అప్పు తీరుతుంది. ఎవరి మీదా కేసు వేయలేరు, ఎందుకంటే మొదలు విప్పితే మీ పేరే ముందు వస్తుంది. ఊళ్ళో దానకర్ణుడని పేరు నిలుస్తుంది.

9. ఆడిటరు దగ్గరకు గడువు ముందు రోజు వెళ్ళండి.

అంతకు ముందు వెళితే ప్రశ్నలు అడిగే తీరిక ఆయనకు ఉంటుంది. రెండు వందల పేజీల బ్యాంకు స్టేట్‌మెంటు బల్ల మీద పెట్టి "మీకు తెలియనిదేముందండీ" అనండి. ఆయన ఒక్కో జమ మీద వేలు పెట్టి అడుగుతాడు. మీ జవాబులు ఇవి.

"ఈ మూడు లక్షలేమిటి?"

"చేబదులండీ."

"నగదుగానా? ఇరవై వేలు, ఆపైన అప్పు నగదుగా పుచ్చుకుంటే అంతకంతా జరిమానా పడుతుందండీ."

"అయితే చేబదులు కాదండీ, అమ్మకం."

"అమ్మకమైతే జీఎస్టీ ఏదీ?"

"అయితే వ్యవసాయమండీ."

ఇక్కడ ఆగిపోండి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. మీకు ప్రత్తిపాడు దగ్గర తాత ఇచ్చిన రెండెకరాలు ఉన్నాయి. ఖాతాలో పడిన 90 లక్షలూ ఆ రెండెకరాల మిర్చి అనండి. ఎకరానికి పాతిక క్వింటాళ్ళు దిగితే మంచి పంట అంటారు మన వైపు. క్వింటా 12,000 చొప్పున 90 లక్షలు రావాలంటే ఎకరానికి 375 క్వింటాళ్ళు పండాలి. అధికారి నేల అడిగితే నల్లరేగడి అనండి. ఆ మాటకు మన జిల్లాల్లో ఎదురుండదు.

ఆయన నమ్మకపోతే అది మూలం చెప్పలేని సొమ్ము అవుతుంది. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాక, ఆ డిసెంబరులోనే అటువంటి సొమ్ము మీద పన్ను 60 శాతానికి పెంచారు. సర్‌చార్జీ, సెస్సు కలిపితే రూపాయికి ముప్పావలా దాటింది. ఏ డబ్బు ఎవరిదో చూపగలిగినవాడికి ఈ బాధ లేదు. మీకు మాత్రం రూపాయిలో కొద్దిగానే మిగులుతుంది. లెక్క రాసే శ్రమ తప్పినందుకు అది చౌకే.

ఆడిటరు పెదవి విరిస్తే "44ఎడిలో పెట్టేయండి" అని కోప్పడండి. యార్డులో అందరూ అనే మాట అది. మొత్తం రాబడి మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం లాభంగా చూపితే పుస్తకాలు అక్కర్లేదన్న వెసులుబాటు. పరిమితి రెండు కోట్లు. నగదు రాబడి 5 శాతం దాటకపోతే మూడు కోట్లు. కమీషను, దలాలీ, ఏజెన్సీ ఆదాయానికి అది వర్తించదని ఆయన గొణుగుతాడు. మీరు చేసేది కమీషను వ్యాపారమే. ఆ సంగతి ఆయనకు చెప్పకండి. కలిసిపోయిన ఖాతాలో ఏది కమీషనో ఏది సొంత కొనుగోలో ఆయనకు ఎలాగూ కనిపించదు. మీకూ కనిపించదు కనక అబద్ధమాడినట్టు కూడా కాదు.

10. బ్యాంకు అప్పు జోలికి పోకండి.

చిన్న వ్యాపారికి నడుపుబడి పెట్టుబడి ఇచ్చేటప్పుడు బ్యాంకులు వచ్చే ఏడాది అమ్మకాల అంచనాలో అయిదో వంతు దాకా లిమిటు ఇచ్చే లెక్క ఒకటి ఉంది. ముద్ర రుణమైనా అంతే, మేనేజరు మొదట అడిగేది ఖాతా స్టేట్‌మెంటు. కిరాణా బిల్లూ, టిక్కీల సొమ్మూ, సినిమా టికెట్లూ ఒకే వరసలో కనబడితే ఆయనకు అమ్మకం ఎంతో అంతు చిక్కదు. "వేరే ఖాతాలో ఆరు నెలలు నడిపి రండి" అంటాడు. ఆరు నెలలు ఎవరు ఆగుతారు?

నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్ళు నరసరావుపేటలోనూ చిలకలూరిపేటలోనూ వీధికొకరు ఉంటారు. స్టేట్‌మెంటు అడగరు. ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు, సంతకం, అంతే. ఏడాదికి 24 శాతం. నెలకు రెండే రూపాయలని పలికితే తేలిగ్గా ఉంటుంది, అలాగే పలకండి. ఆ వడ్డీ కట్టడానికి చీటీ పాడండి. చీటీ కట్టడానికి ఆవిడ గాజులు పెట్టి బంగారం రుణం తీసుకోండి. ఏడు శాతం పంట రుణం తీసుకుని పొలానికి కాక కాయ మీద పెట్టండి. గడువులోగా కడితే మూడు శాతం తగ్గుతుందంటారు. గడువు ఎప్పుడో క్యాలెండరు మీద ఎక్కడో రాసే ఉంటారు.

11. బ్యాంకుకు ముందుగా ఏమీ చెప్పకండి.

ఏడాదిలో కోటి దాటి నగదు తీస్తే, దాటినదాని మీద రెండు శాతం మూలంలో పన్ను పట్టుకుంటారు. మార్కెట్ కమిటీ లైసెన్సు ఉన్న కమీషన్ ఏజెంట్లకు, వ్యాపారులకు 2019 సెప్టెంబరులో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. ఫలానా ఖాతా నుంచి తీసే నగదు రైతులకు చెల్లించడానికేనని బ్యాంకుకు రాసి ఇవ్వాలి. మీ ఖాతాలో నుంచి స్లాబు ఇనుము కూడా కొంటున్నారు. ఎలా రాసిస్తారు? ఊరుకోండి. కోటిన్నర తీస్తే లక్ష పట్టుకుంటారు. ఆ లక్ష వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. ఆ రిటర్ను సంగతి తొమ్మిదో మెట్టులో చూశాం.

12. అడిగినవాడికల్లా చెక్కు రాయండి.

సాకులు అయిపోయాక ముందు తేదీ వేసి చెక్కులు ఇవ్వండి. అన్నీ ఆ ఒక్క ఖాతా మీదే. ముప్పై మంది రైతులకు ముప్పై చెక్కులు, తేదీ ఒకటే అయితే గుర్తుండటం తేలిక. చెక్కు తిరిగి వస్తే ముప్పై రోజుల్లో నోటీసు, అందిన పదిహేను రోజుల్లో చెల్లించకపోతే కేసు. శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కుకు రెట్టింపు దాకా జరిమానా, రెండూ కూడా కావచ్చు. నోటీసు తీసుకోకుండా "ఇంట్లో లేరు" అనిపించడం పాత పద్ధతి. సరైన చిరునామాకు పంపినది అందినట్టే లెక్క వేయడం కోర్టులకు అలవాటే. అయినా తలుపు వేసుకోండి. మధ్యాహ్నం నిద్ర కలిసొస్తుంది.

13. ఐపీ పెట్టండి.

అన్ని మెట్లూ ఇక్కడికే చేరతాయి. గుంటూరులో "ఫలానావాడు ఐపీ పెట్టాడట" అన్న మాట వినని టీ కొట్టు ఉండదు. ఆ ఫలానావాడు మీరే కావాలి. ఐపీ అంటే దివాలా పిటిషనే. దానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. అప్పు అయిదు వందలు ఉన్నా చాలు, అర్హత ఉంది. మీకు అంతకన్నా చాలా ఎక్కువ అర్హత ఉంటుంది.

కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించగానే మీ ఆస్తి రిసీవరు చేతిలోకి పోతుంది. కంపెనీ అయితే కంపెనీ ఆస్తితో ఆగేది. మీరు ప్రొప్రైటరు. షాపు సామాన్లు, కోల్డ్ స్టోరేజీలో కాయ, పైఅంతస్తు స్లాబుతో సహా ఇల్లు, తాత ఇచ్చిన రెండెకరాలు అన్నీ వరసలోకి వస్తాయి. ఇల్లు కాపాడుకోవడానికి పిటిషనుకు వారం ముందు బావమరిది పేరున రాయండి. దివాలాకు ముందు రెండేళ్ళ లోపు, తగిన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీలను రిసీవరు రద్దు చేయించవచ్చు. రద్దయితే ఇల్లు రిసీవరుకు, రిజిస్ట్రేషను ఖర్చు బావమరిదికి.

పాత షావుకారు అయితే ఈ దశలో చిట్టా తెచ్చి, ఇది రైతులది, ఇది నాది, ఇంట్లోకి వాడుకున్నది ఇంత అని చూపించేవాడు. కోర్టు విని, నిజాయితీగా నష్టపోయినవాడని నమ్మితే అప్పుల నుంచి విముక్తి ఇచ్చేది. దివాలాకు ముందు మూడేళ్ళుగా, ఆ వ్యాపారంలో మామూలుగా ఉండవలసిన లెక్కల పుస్తకాలు ఉంచుకోనివాడికి సంపూర్ణ విముక్తి ఇవ్వకూడదని అదే చట్టం చెబుతుంది. మీ దగ్గర క్యాలెండరు, శ్రీ అని రాసిన పుస్తకం, రెండు వందల పేజీల స్టేట్‌మెంటు ఉన్నాయి. ప్రత్తిపాడు రైతు 2,40,000 ఆ పేజీల్లో ఎక్కడుందో రిసీవరూ చెప్పలేడు, రైతూ చెప్పలేడు, మీరూ చెప్పలేరు. సంపూర్ణ విముక్తి రాదు. పొద్దున్నే దుకాణం తీయనక్కర్లేదు. ఫోను మోగితే ఎత్తనక్కర్లేదు. యార్డులో మీ పేరు తెలియని హమాలీ ఉండడు.

కొత్త కాయ వచ్చేలోగా మొదలుపెట్టాలి, ఆలస్యం చేయకండి. ఈ పత్రిక పక్కన పెట్టి ఫోనులో బ్యాంకు యాప్ తెరవండి. బ్యాలెన్సు చూడండి. అందులో ఎవరి డబ్బు ఎంతో లెక్క వేయకుండా సగం ఈ సాయంత్రమే ఖర్చు పెట్టేయండి.